రవణత్త మట్టిగాజులు

ఆదివారం పొద్దున పాత పేపరు తడిపి కిటికీ అద్దాలు తుడుస్తుంటే, తడిసిన కాగితమూ అచ్చుసిరా దుమ్మూ కలిసిన వాసన ఒకటి వస్తుంది. కుప్పంలో మా వీధికి కాస్త అవతల గ్రానైటు రాళ్లు కోసే షెడ్లున్నాయి కాబట్టి, వారం తిరిగేసరికి అద్దాల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది, నాకు ఈ పని తప్పదు. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, పుంగనూరుకు అవతలనున్న మా పల్లెలో, పొద్దు వాలకముందే మా అమ్మ వసారాలో కూర్చుని లాంతరు గ్లాసు ఊడదీసి, లోపల ఇంత బూడిద చల్లి, కాగితం ఉండ దోపి గిరగిరా తిప్పుతూ మసి తుడిచే సాయంత్రాలు కళ్లముందుకు వస్తాయి. మొన్న నేను అద్దాలు తుడుస్తుంటే పక్కింటి పాప బడి పుస్తకం పట్టుకుని వచ్చి, గ్లాసును తెలుగులో ఏమంటారని అడిగింది. అంతకాలం పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, వెంటనే ఒక మాట చెప్పలేకపోయాను.

మా ఇంట్లో నీళ్లు తాగేది గ్లాసు. అది ఇత్తడిదైనా స్టీలుదైనా గ్లాసే. నిజంగా గాజుతో చేసిన గ్లాసులు పుంగనూరు బస్టాండు టీ అంగళ్లలో ఉండేవి తప్ప మా ఇంట్లో ఒక్కటీ ఉండేది కాదు. లాంతరుకు తొడిగేదీ గ్లాసే. మొగం చూసుకునేది అద్దం, పట్నంలో కిటికీలకు బిగించేదీ అద్దమే, ముక్కు మీద పెట్టుకుంటే అద్దాలు. కిరసనాయిలు పోసేది బుడ్డి, ఆముదం పోసేది సీసా. ఇవన్నీ ఒకే పదార్థమని మాకెవరూ చెప్పలేదు, చెప్పినా నమ్మేవాళ్లం కాదేమో. గాజు అనే మాట మాత్రం ఆడవాళ్ల చేతులదే. గాజు అంటే వేసుకునేది, అది పగిలితే మాకు ఆడుకునేది.

పగిలిన గాజుముక్కల కోసం ఆడపిల్లలం బట్టలుతికే బండ చుట్టూ, కల్లాల్లో, చెనిక్కాయలు ఒలిచే చోట్ల వెతికేవాళ్లం. ఎర్రవి, పచ్చవి, నేరేడుపండు రంగువి, బంగారు చుక్కలున్నవి ఏరుకుని కొబ్బరిచిప్పలో దాచుకునేవాళ్లం. నేల మీద గుండ్రంగా గీత గీసి, గుప్పెడు ముక్కలు లోపల చల్లి, పక్కది కదలకుండా ఒక్కొక్కదాన్నే వేలితో బయటికి లాగడం ఒక ఆట. బుడ్డిదీపం మంట మీద ముక్క కొనలు కరిగించి, ఒకదానిలో ఒకటి తగిలించి గొలుసులు చేయడం ఇంకో ఆట, అందులో వేళ్లు కాల్చుకోని పిల్ల మా వీధిలో లేదు. చలికాలం వస్తే ఇల్లంతా అనపచిక్కుడు కాయల వాసన. పెద్దవాళ్లు నానబెట్టిన గింజల తోలు పితికి పప్పు తీస్తుంటే వాళ్ల చేతుల గాజులు లయగా మోగేవి. ఉగాదికి ఓళిగలు ఒత్తేటప్పుడు, సంగటి గెలికేటప్పుడు, రోట్లో చెనిక్కాయల పచ్చడి ఊరిబిండి నూరేటప్పుడు ఒక్కో పనికి ఒక్కో రకమైన చప్పుడు.

ఆ చప్పుళ్లన్నీ అందరికంటే బాగా తెలిసింది మా అవ్వకు, మా నాయనను కన్నతల్లికి. ఆమెకు కండ్లల్లో పొర కమ్ముకుంటూ వచ్చి, నాకు ఊహ తెలిసేసరికి వెలుగు చీకటి తప్ప మరేమీ కనిపించేది కాదు. వసారాలో స్తంభానికి వీపు ఆనించి కూర్చుని, ఎవరు ఏ మూల ఏం చేస్తున్నారో గాజుల చప్పుడును బట్టి చెప్పేది. ఆమె చేతులకు మాత్రం గాజులు లేవు. మా జేజినాయన పోయినప్పుడు తీసేసినవే. అప్పటికి మా నాయన చంకలో ఉండేవాడట, రవణత్త ఇంకా కడుపులోనే ఉందట.

రవణత్త మా నాయనకు ఒక్కతే చెల్లెలు. కుప్పం దగ్గర పల్లెకిచ్చారు. మామ రాళ్ల క్వారీలో మేస్త్రీ. ఆమె పండక్కి పుట్టింటికి వస్తే మోచేతికి అందేదాకా పచ్చటి మట్టిగాజులు వేసుకుని వచ్చేది. ఆమె ఇంకా వీధి మలుపు తిరగకముందే అవ్వ మొగం ఇటు తిప్పి, "రవణొస్తాండాది" అనేది. ఒక ఎండాకాలం క్వారీలో బండ జారి మా మామ దాని కింద పడి చనిపోయాడు. పిల్లలు లేరు. కర్మనాడు మా వాళ్లు అవ్వనూ తీసుకెళ్లారు. బావి గట్టున ఆడవాళ్లు అత్త చేతులు పట్టుకుని రాతికేసి గాజులు కొడుతుంటే, అవ్వను ఇంటి ముందర అరుగు మీద కూర్చోబెట్టారట. ఆమెకు ఆ చప్పుడు మాత్రమే వినబడింది. అవ్వకు కండ్లు లేకపోవడమే మేలయిందని తిరిగొచ్చాక మా అమ్మ వీధిలో వాళ్లతో అనడం నేను విన్నాను.

అత్త మా ఇంటికి వచ్చేసింది. పేడ ఎత్తేది, రాగులు విసిరేది, పొట్టి పుంగనూరావుకు గడ్డి వేసేది. నాకు తల దువ్వి జడ వేసేది. కానీ ఏ పని చేసినా చప్పుడు ఉండేది కాదు. బోసి చేతులతో గోడ పక్కన నీడలా తిరిగేది. దాంతో అవ్వకు కూతురు ఎక్కడుందో తెలియకుండా పోయింది. రోజంతా, "రవణా, యాడుండావు?" అని పిలిచేది. "ఈడే ఉండానుమా" అని అత్త పక్కనుంచే జవాబు చెప్పేది. మళ్లీ కొంతసేపటికి అదే పిలుపు. ఒక్కోసారి అత్త జవాబు చెప్పకుండా అవ్వ పక్కన కూర్చుని ఆమె ఒడిలో చెయ్యి పెట్టేది. అవ్వ ఆ మణికట్టు తడిమి వదిలేసేది.

మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో కండ్ల పొర తీస్తారని, పక్క ఊరి ముసలాయనకు చూపొచ్చిందని తెలిసి, మా నాయన అవ్వను ఒప్పించాడు. తోడుగా అత్త వెళ్లింది. బడికి సెలవులు కాబట్టి అవ్వ నన్నూ వెంటబెట్టుకుంది. ఆ వార్డు ఫినాయిలు వాసన, పొద్దున్నే నర్సులు కలిసి పాడే ప్రార్థన పాట, గోడ వారగా వరుసగా పెట్టిన పాల గ్లాసులు నాకింకా గుర్తున్నాయి. ఆపరేషను చేశాక అవ్వ రెండు కండ్లకూ కట్టు కట్టి, తల కదిలించకుండా పడుకోబెట్టారు. ఆమెను చూసుకునే నర్సు పేరు సుగుణమ్మ. తెల్లచీర, నున్నగా దువ్విన ముడి, మెత్తటి గొంతు.

ఒక పొద్దున సుగుణమ్మ కట్టు సరిచేస్తుంటే అవ్వ ఆమె చేయి పట్టుకుంది. మణికట్టు అటూ ఇటూ తడిమి, రెండో చేయి కూడా వెతుక్కుని తడిమింది. తరువాత చాలా జాలిగా అడిగింది.

"మీ ఇంటాయన పొయ్యి శానా దినాలయిందా తల్లీ?"

సుగుణమ్మ కోపం తెచ్చుకోలేదు. "ఉండాడమ్మా. పలమనేరు బస్సు తోల్తాడు" అంది.

"మరి సేతులు బోసిగా ఉండాయే?"

"డ్యూటీలో గాజులు ఏసుకోకూడదమ్మా. పగిలితే నీ కంట్లోనే కదా పడేది."

అవ్వ నమ్మలేదు. తనను ఊరడించడానికి చెబుతోందనుకుంది. మరుసటి రోజు సాయంత్రం సుగుణమ్మ నిజంగానే భర్తను వార్డులోకి తీసుకొచ్చింది. ఖాకీ చొక్కా, బస్సు ఇంజను వాసన, పెద్ద గొంతు. అవ్వ ఆయన చేయి పట్టుకుని పేరు, ఊరు, ఎందరు పిల్లలు అన్నీ అడిగి, అప్పుడు వదిలింది. ఆయన వెళ్లాక సుగుణమ్మ తన సంగతులు కొన్ని చెప్పింది. ఇంట్లో మనసు పుడితే తానూ గాజులు వేసుకుంటుందట. వాళ్లమ్మకు భర్త పోయినా చేతికున్న గాజులు తీయమని వాళ్లలో ఎవరూ అనలేదట. ఆమె ఇప్పటికీ వేసుకునే ఉందట. రవణత్త పాల గ్లాసు పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఇదంతా వింటోంది. నర్సు వెళ్లిపోయింది, పాలు చల్లారిపోయాయి. అవ్వ కట్ల వెనకనుంచి ఎవరితోనో అన్నట్టు, "మొగుడుండే ఆడదానికి గాజుల్లేకపోయినా ఏమీ కాలేదు సూడు" అంది.

కట్లు విప్పాక కొంతకాలం అవ్వకు మనుషులు పొగమంచులో నడుస్తున్నట్టు కనబడ్డారు. మామిడి పూత రాలి పిందె పడే రోజుల్లో అద్దాల కోసం మళ్లీ మదనపల్లె వెళ్లాం. ఆ కాలంలో పొర తీసినవాళ్లకిచ్చే అద్దాలు సోడాబుడ్డి అడుగంత మందంగా ఉండేవి. వాటి వెనక అవ్వ కండ్లు మొగం పట్టనంత పెద్దవైపోయాయి. ఆమె ముందు తన చేతివేళ్లు చూసుకుంది. తరువాత నన్ను దగ్గరికి లాక్కుని, నాకు మా నాయన ముక్కు వచ్చిందని చెప్పి సంతోషపడింది. సుగుణమ్మను గొంతును బట్టి గుర్తుపట్టి, ఇంత సన్న వయసుదానివా అని ఆశ్చర్యపోయింది. అప్పుడు రవణత్త వైపు తిరిగింది. అత్త అప్పటికే రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది.

అవ్వ, "సేతులు సూపించు" అంది.

అత్త చాపింది. అవ్వ ఆ చేతులను ఎంతసేపు చూసిందో చెప్పలేను. వెనక వరుసలో వాళ్లు మమ్మల్ని జరగమని అడిగారు. పుంగనూరు బస్సులో అవ్వను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. కొండలు, టమోటా తోటలు, గొర్రెల మందలు అన్నీ ఇప్పుడు కనబడతాయి కదా, ఒక్కొక్కటీ చూపిద్దామని నా ఆశ. ఆమె బయటికి చూడనే లేదు.

పుంగనూరులో దిగి మా పల్లె బస్సు కోసం నిలబడవలసింది. అవ్వ నా భుజం పట్టుకుని, గాజులంగడి యాడుండాదో చూపించమంది. కొత్త అద్దాల్లో నేల దగ్గరగా ఉన్నట్టు కనబడుతుంది కాబట్టి, లేని మెట్లు ఎక్కుతున్నట్టు కాళ్లెత్తి వేస్తూ నడిచింది. అంగడి పెద్దాయన మా పల్లెలకు మూట కట్టుకుని వచ్చేవాడే, మమ్మల్ని ఎరిగినవాడే. అత్త బోసి మెడ, బోసి నుదురు చూసి ఆయన చేయి ఆగిపోయింది. తన చేత్తో వేస్తే రేపు ఊళ్లో తననడుగుతారని, ఏమీ అనుకోవద్దని నెమ్మదిగా చెప్పాడు. అవ్వ ఆయనను బలవంతపెట్టలేదు. గాజుల చుట్టలు ముందు పెట్టమంది, తానే వేస్తానంది.

"వద్దుమా. ఇంటికి పోదాం పా" అంది అత్త.

అవ్వ కూతురి మొగంలోకి చూసింది. "నేను సూసేదానికి కండ్లు తెచ్చుకున్నా రవణా. ఈ బోసిసేతులు సూసేదానికి కాదు" అంది.

అత్త అంగడి అరుగు మీద కూర్చుండిపోయింది. కాసేపటికి తానే చుట్టల వైపు చూసింది. పచ్చవాటిని తాకలేదు. నేరేడుపండు రంగువి వేలితో చూపించి చేయి చాపింది. అవ్వకు ఇంకా దూరం దగ్గర సరిగా తెలిసేది కాదు. గాజు ఒకచోట, చేయి ఒకచోట పడేది. ఒకటి రెండు చిట్లిపోయాయి, అత్త బొటనవేలి కింద గీరుకుని రక్తం వచ్చింది. పెద్దాయన చూసి చూసి ఉండలేక, ఇంత నూనె తెచ్చి అత్త చేతికి రాసి పెట్టాడు. గాజులు ఆయన వేయలేదు, కానీ వేళ్లు ఎట్లా ముడవాలో, ఎట్లా జారించాలో పక్కనే నిలబడి చెప్పాడు. రెండు చేతులకూ వేసేసరికి అవ్వ మొగమంతా చెమట. మా పల్లె బస్సు వెళ్లిపోయింది, ఇంకోదాని కోసం చాలాసేపు కూర్చున్నాం.

ఇంటికి వచ్చేసరికి మా నాయన వసారాలో విత్తనం చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. మొదట అవ్వ అద్దాలు చూసి నవ్వాడు. తరువాత చెల్లెలి చేతులు చూశాడు. ఆయన కేకలు వేసే మనిషి కాదు. తీసేయమని చెప్పాడు, ఊరు ఊరుకోదన్నాడు. అవ్వ కదలకపోయేసరికి అసలు భయం బయటపడింది. నన్ను చూపించి, "రేపు పాప పెండ్లికి ఎవురొస్తారుమా మన గడపకు?" అన్నాడు.

"వచ్చేవాళ్లు వస్తారు. అంతదాకా నా బిడ్డ బతకల్ల కదప్పా" అంది అవ్వ.

ఆ తరువాత తల్లీకొడుకులు చాలా రోజులు సరిగా మాట్లాడుకోలేదు. మా అమ్మ ఎవరి పక్షమూ మాట్లాడలేదు. అయితే అంతవరకూ పొద్దున్నే ఆవు దగ్గరికి వెళ్లేటప్పుడు అత్త ఎదురు రాకుండా చూసుకునే మనిషి, ఆ మరుసటి పొద్దున పాలచెంబు అత్త చేతిలో పెట్టి, నువ్వు ముందు పో అంది. ఊరు మాత్రం నాయన అన్నట్టే ఉంది. కొళాయి దగ్గర అత్త బిందె పెడితే మాటలు ఆగిపోయేవి. నామకరణాలకూ సీమంతాలకూ మా ఇంటికి పిలుపులు తగ్గాయి. ఒకసారి అత్త భయపడి, తానే గాజులన్నీ తీసి గూట్లో పెట్టేసింది. ఒకటి రెండు రోజులు గడిచాక, నా జడ సగం వేసి వదిలేసి, అత్త లేచి వెళ్లి గాజులు మళ్లీ వేసుకుని వచ్చింది. మిగతా జడ అప్పుడు పూర్తి చేసింది.

వానలు పడ్డాక కుప్పం వైపు నుంచి మామ అన్న, ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. తమ ఇంటి పేరు పోయిందని, తమ్ముడి ఆత్మకు శాంతి లేదని అన్నాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. వాళ్లు ముట్టలేదు. మా నాయన ఎప్పటిలాగే తల వంచుకుని వింటున్నాడు, ఆయన వాళ్ల మాటే నిలబెడతాడని నేను తలుపు పక్కన భయంతో చూస్తున్నాను. వాళ్లందరూ చెప్పడం అయ్యాక ఆయన తలెత్తాడు.

"మీ తమ్ముడు పొయ్యినందుకు నేనూ ఏడిసినాను. నా సెల్లెలు సేతుల సంగతి నాకు ఇడిసిపెట్టండి" అన్నాడు.

వాళ్లు లేచి వెళ్లిపోయారు. నాయన వాళ్లు ముట్టని మజ్జిగ గ్లాసులు చూసి, ఒకటి తాగి, ఇంకోటి నాకిచ్చి, మూడోది అత్తకు ఇమ్మన్నాడు.

కొంతకాలానికి కుప్పంలో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి పని దొరికితే అత్త వెళ్లింది, అత్తగారి పల్లెకు అంత దగ్గరలో, గాజుల చేతులతోనే. పైచదువుకు నేనూ ఆమె దగ్గరికే చేరాను. నాయన భయపడినట్టే నాకు వచ్చిన సంబంధాల్లో కొన్ని వెనక్కి పోయాయి. ఒకటి నిలబడింది. ఆయనది ఈ ఊరే, బడిలో లెక్కల మాస్టరు. ముప్పై యేండ్లకు పైగా కలిసి బతికాం.

అవ్వ, నాయన, అమ్మ ఇప్పుడు లేరు. మూట కట్టుకుని వీధి వీధీ తిరిగి, మెత్తగా వేళ్లు ముడిచి గాజులు వేసే మనుషులు లేరు. సోడాబుడ్డి అద్దాలు పెట్టుకున్న ముసలివాళ్లు కనబడరు. ఇప్పుడు పొద్దున పొర తీయించుకున్నవాళ్లు సాయంత్రానికి ఇంటికొచ్చి టీవీ చూస్తున్నారు. అనపకాయల కాలంలో పదిమంది చేరి పప్పు పితికే వసారాలూ లేవు, పొట్టి ఆవులను చూడటానికి మనుషులు కార్లలో వస్తున్నారు. అన్నిటితోపాటు ఆ బావిగట్టు ఆచారమూ పోయిందనుకున్నాను.

కిందటేడు మా ఆయన పోయారు. కర్మనాడు ఆయన వైపు పెద్దవాళ్లైన ఆడవాళ్లు, చదువుకున్నవాళ్లే, తక్కువ గొంతుతో మాట్లాడుకుంటూ నేను కూర్చున్న గదిలోకి వచ్చారు. ఎందుకొచ్చారో నాకు తెలిసింది. ఆ రోజు వాళ్లేం చేసినా చేయించుకునేదాన్నేమో. రవణత్త అప్పటికే నా పక్కన చాప మీద కూర్చుని ఉంది. నడుము వంగిపోయింది, ఎవరైనా లేపితే తప్ప లేవలేదు. ఆమె నా రెండు మణికట్లూ తన చేతుల్లోకి తీసుకుని, ఒళ్లో పెట్టుకుని, వాళ్ల వైపు చూసింది.

"దీని సేతులు నా దగ్గర ఉండాయి. మీరు పొయ్యి భోజనాలు సూసుకోండమ్మా" అంది.

వాళ్లు ఒకరి తరువాత ఒకరు బయటికి వెళ్లారు. అత్త చాలాసేపు నన్ను వదల్లేదు. బయట విస్తర్లు వేస్తున్న చప్పుడు వినిపించాక, ఆకలేస్తాంది, తనను లేపమంది. లేపాను. ఇద్దరం వెళ్లి అందరితోపాటు వరుసలో కూర్చున్నాం.